సున్నపు గీతకు ఆవలి ఇళ్లు
డా. పద్మావతమ్మ, విశ్రాంత సహ సంచాలకులు

1989వ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ, సోమవారం నాడు, పెనుకొండలోని మన గ్రామీణ ఆర్థిక పరిశీలన కేంద్రంలో సాంఖ్యక పరిశోధకులుగా అడుగుపెట్టిన శ్రీ దేవదాసు గారు, దాదాపు ముప్పైయేడు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఉప సంచాలకుల హోదాలో ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ప్రాంతపు పల్లెల్లో ఒక సామాన్య కుటుంబం ఏడాదికి ఎంత సంపాదిస్తోంది, ఆ సంపాదన కాలక్రమంలో ఎటు పోతోంది అన్న ఒకే ఒక ప్రశ్నకు వారు తమ ఉద్యోగ జీవితం యావత్తూ అంకితం చేశారు. ఆ ప్రశ్నకు తాము ఇచ్చిన సమాధానాన్ని ఒక దశలో తామే నలుగురి ఎదుట ఖండించుకున్నారు. వారి సేవలో అభినందనీయమైన ఘట్టాలు అనేకం ఉన్నా, తక్కినవన్నీ ఆ ఒక్క ఘట్టం వెలుగులోనే అర్థమవుతాయి గనుక ఈ వ్యాసం ప్రధానంగా దానినే అనుసరిస్తుంది.

దేవదాసు గారు కర్ణాటక సరిహద్దులోని అగళి ప్రాంతంలో జన్మించారు. తండ్రి శామ్యూల్ గారు కౌలుకు చేను దున్నుతూ, ఆదివారాలు చర్చిలో పెద్దరికం నెరపుతూ, కుమారుని అనంతపురంలో ఎమ్మెస్సీ వరకు చదివించారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం వింటూ పెరిగినందువల్ల, సరిహద్దు పల్లెల ప్రజలు దుడ్ల మాట ఒక భాషలోనూ కష్టాల మాట మరొక భాషలోనూ చెప్పుకుంటారని వారికి చిన్ననాడే తెలుసు. ఆ తెలివిడి తరువాతి కాలంలో కేంద్రానికి ఎంతో ఉపకరించింది.

వారు చేరేనాటికి కేంద్రం గ్రామాల సగటు ఆదాయాన్ని మాత్రమే లెక్కించేది. ఊరి చివర ఒక గ్రానైట్ క్వారీ యజమాని ఇల్లు కడితే ఆ ఒక్కరి సంపాదనతో ఊరంతా ధనవంతమైనట్లు సగటు చూపించేది. ఈ వైపరీత్యాన్ని నివారించడానికి దేవదాసు గారు మధ్యగత ఆదాయాన్ని ప్రతిపాదించారు. ఇళ్లన్నింటినీ ఆదాయాన్ని బట్టి తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెడితే, సరిగ్గా నడుమ నిలిచే ఇంటి ఆదాయమే మధ్యగతం. క్వారీ యజమాని ఎంత గడించినా నడిమి ఇల్లు కదలదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఎంపిక చేసిన పల్లెల్లో నాలుగేళ్లకు ఒక విడత ఈ నడిమి ఇంటి ఆదాయాన్ని అంచనా కట్టాలని 1992లో నిర్ణయం జరిగింది. వేరుశనగ అమ్ముడుపోయి రైతు చేతికి ఎంత వచ్చిందో తేలేది సంక్రాంతి దాటిన తరువాతనే కనుక, ప్రతి విడత సర్వే ఆ చలికాలపు చివరి వారాలలోనే జరగాలని కూడా నిర్ణయించారు. ఎంతో సహేతుకమైన ఈ ఏర్పాటే తరువాతి పొరపాటుకు తొలి కారణమైంది.

ఆ మొదటి విడతలో లేపాక్షి దాపున ఉన్న ఒక పల్లెకు దేవదాసు గారు స్వయంగా వెళ్లారు. కొత్తగా వివాహమైన రోజులవి. సతీమణి అరుణ గారు ముచ్చటపడి ఇచ్చిన సెంటు చొక్కాకు రాసుకుని, నమూనాలో ఎంపికైన మొదటి ఇంటి ముందు నిలబడ్డారు. ఆ ఇల్లు కుళ్ళాయమ్మ గారిది. గుమ్మానికి వేపమండలు కట్టి, గడప ముందు అడ్డంగా సున్నం చల్లి ఉంది. పట్టుపురుగులు మేపే ఇంట్లోకి పురుగు ఉన్నన్నాళ్లూ పరాయివారు అడుగుపెట్టరాదన్నది అక్కడి కట్టుబాటు. బయటివారి కాళ్లవెంట తెగులు వస్తుందని కొంత, దిష్టి తగులుతుందని కొంత, ఘాటైన వాసనకు పురుగు తాళలేదని మరికొంత. అందులోనూ చర్మం విడిచే ముందు పురుగు మేత మాని కదలక ఉండే దశను అక్కడివారు జ్వరమంటారు. ఆ దశలో మరింత జాగ్రత్త. ఇదేదీ తెలియని దేవదాసు గారు గీత దాటబోయారు.

"ఆడనే నిలబడప్పా," అని లోపలి నుంచే ఆమె ఆపారు. "పురుగు జ్వరానికి కూసోనుండాది. నువ్వు జూస్తే పెండ్లికొడుకు మాదిరి గమగమలాడ్తా వస్తాండావు. ఈ వాసనకు నా పంటంతా పోతే, నీ లెక్కలో రాసుకునేదానికి ఏం మిగుల్తాది?"

ఎడమ పక్క ఇంటి అరుగు మీద కూర్చున్న వేరుశనగ రైతు పుల్లన్న గారు ఇదంతా చూసి నవ్వి, "ఈడికి రా సారూ. మా ఇంట్లో పురుగూ లేదు, దుడ్లూ లేవు. ఎంతసేపన్నా కూసో," అని పిలిచారు.

దేవదాసు గారు సిగ్గుపడి, క్షమాపణ చెప్పి, ఆ అరుగు మీద కూర్చుని పుల్లన్న గారింటి ఆదాయం రాసుకున్నారు. ఆ మధ్యాహ్నం కుళ్ళాయమ్మ గారు చెంబెడు మజ్జిగను సున్నపు గీత ఇవతల పెట్టి, తాము వెనక్కి జరిగి, తీసుకొమ్మని సైగ చేశారు. ఆ మర్యాద వారి మనసును బలంగా తాకింది. నాటి నుంచి నేటి వరకు దేవదాసు గారు సెంటు ముట్టింది లేదు. కుమార్తె వివాహంలో అతిథులపై పన్నీరు చల్లుతున్నప్పుడు పెళ్లికూతురి తండ్రిగా ముందు నిలవవలసినవారు పక్క గదిలో నిలబడి ఉండడం మనలో చాలామంది చూసి నవ్వుకున్నదే.

పెనుకొండకు తిరిగి వచ్చిన వెంటనే వారు సర్వే సిబ్బందికి ఒక నియమం ఏర్పరిచారు. ఎంపికైన ఇంట్లో పురుగు ఉంటే ఆ ఇంటివారిని ఇబ్బంది పెట్టరాదు. దాని ఎడమ పక్క ఇంటి వివరాలు తీసుకోవాలి. ఆ నియమంలోని సంస్కారాన్ని అప్పటి పెద్దలందరూ మెచ్చుకున్నారు. అందులో దోషముందని ఎవరికీ తోచలేదు.

తరువాతి సంవత్సరాలలో దేవదాసు గారు సర్వే పద్ధతులకు చేసిన మెరుగులు అనేకం. ఆదాయమెంత అని అడిగితే, "ఆదాయం యాడుండాది సారూ, ఉండేదంతా ఖర్చే" అన్న జవాబు తప్ప మరొకటి రాదని గ్రహించి, ఆ మాటనే ప్రశ్నల నుంచి తొలగించారు. దాని బదులు ఇంట్లో ఎవరెవరు ఏ పనికి పోయారు, చేనులో ఏం పండింది, పాలు ఎక్కడ పోశారు, బెంగళూరు పనికి పోయినవారు పండక్కి ఏం తెచ్చారు అని ముచ్చటలా అడిగించారు. ధర్మవరం విభాగంలో పనిచేసిన ఆరేళ్లలో, మగ్గం మీద కూర్చునేవారి కూలిని మాత్రమే లెక్కించి, పక్కన కండెలు చుట్టే స్త్రీల శ్రమను విడిచిపెట్టే పాత అలవాటును మాన్పించారు. విడత వెంట విడతగా మధ్యగత ఆదాయపు రేఖ సాగింది. ధరల పెరుగుదలను మినహాయిస్తే అది దాదాపు చదునుగా, నిస్తేజంగా ఉండేది. ఈ ప్రాంతం గురించి మాట్లాడేవారందరూ ఆ రేఖనే చూపించేవారు. దానిని దేవదాసు గారి రేఖ అని పిలవడం కూడా అప్పటికే వాడుకలోకి వచ్చింది.

2016 విడతలో ఆ రేఖ ఒక్కసారిగా లేచింది. ధరలను మినహాయించిన తరువాత కూడా హిందూపురం వైపు పల్లెల్లో నడిమి ఇంటి ఆదాయం నాలుగేళ్లలో మూడోవంతు పెరిగినట్లు తేలింది. అప్పటి సంచాలకులు నాగరాజు గారు ఎంతో సంతోషించారు. మన కేంద్రానికి నిధులిచ్చే ధర్మసంస్థ ఆ పల్లెల్లోనే ఎండాకాలం పశుగ్రాస శిబిరాలు నడుపుతూ ఉండేది. ఒక విడతలో ఆదాయం నాలుగోవంతు పెరిగిన పల్లెలు తమ కాళ్లపై తాము నిలబడ్డాయని భావించి, శిబిరాలను మరొక ప్రాంతానికి తరలించడం ఆ సంస్థ విధానం. తరలింపు కాగితాలు సిద్ధమయ్యాయి. హిందూపురంలో సభ ఏర్పాటయింది. దేవదాసు గారికి ఉప సంచాలక పదవి ఇవ్వాలన్న ప్రతిపాదన కూడా ఆ సభ ముందుకే రానుండింది.

అందరూ సంతోషిస్తున్న వేళ దేవదాసు గారికి మాత్రం నిద్ర పట్టలేదు. పెరుగుదలకు కారణం కనబడాలి కదా అన్నది వారి వేదన. వరుసగా వానలు తప్పాయి, వేరుశనగ దెబ్బతిన్నది, కూలి రేట్లు పెద్దగా కదలలేదు. కారణం లేని కార్యాన్ని నమ్మడం వారి స్వభావం కాదు. సభకు పది రోజుల ముందు, యువ పరిశోధకురాలు హారికను వెంటబెట్టుకుని, ఇరవై నాలుగేళ్ల కిందట తాము మొదలుపెట్టిన ఆ లేపాక్షి పల్లెకే మళ్లీ వెళ్లారు.

పుల్లన్న గారు అదే అరుగు మీద ఉన్నారు. విషయం విని, "మూడోవంతు పెరిగిండాదా?" అని రెట్టించి, "అయితే మా ఇంటికొచ్చేటప్పుడు దావ తప్పిండాదేమో సారూ, రా​లే," అన్నారు. శిబిరం ఎత్తేస్తారట కదా అని అడిగారు. కట్టుగొయ్య వద్ద ఉన్న రెండు ఆవుల వైపు చూశారు.

అంతలో కుడి పక్క ఇంటి తలుపు తెరుచుకుని కుళ్ళాయమ్మ గారు బయటికి వచ్చారు. తల నెరిసినా గొంతు మారలేదు.

"వాకిట్లో ఏం మాట్లప్పా, లోపలికి రా. పురుగు ఇప్పుడు ఇంట్లో లేదు, తోటకాడ షెడ్డు కట్టుకుంటిమి. మొన్న సంక్రాంతి దాటినాక మీ పిల్లోళ్లు వచ్చి ఇంట్లోనే కూసోని అంతా రాసుకోనిపోయినారు. నువ్వే ఇన్నేండ్లూ ఆడనే నిలబడితివి."

దేవదాసు గారు గడప ముందు ఆగిపోయారు. అక్కడ సున్నం లేదు. ఆవలి పక్క ఇంటికీ లేదు. 'పురుగూ లేదు, దుడ్లూ లేవు' అని పుల్లన్న గారు ఆనాడు నవ్వుతూ అన్న మాట వారికి ఇన్నేళ్లకు పూర్తిగా వినబడింది.

కారణాల గొలుసు ఒక్కొక్క కొలికిగా విడిపోయింది. మల్బరీ తోటకు నీరు కావాలి. కనుక పురుగు మేపేది బోరున్న ఇళ్లే. పట్టుపురుగుకు చలికాలం అనుకూలం. వేరుశనగ కోసం తాము ఎంచుకున్నదీ అదే కాలం. కాబట్టి తమ సిబ్బంది పల్లెకు వెళ్లిన ప్రతిసారీ నీళ్లున్న ఇళ్లన్నీ సున్నపు గీతల వెనుక ఉండిపోయాయి. తమ నియమం ప్రకారం వాటి బదులు పక్కింటిని, అంటే చాలావరకు వానకు ఎదురుచూసే మెట్ట రైతు ఇంటిని, లెక్కలో చేర్చారు. వరుసలో పై సగం నుంచి కొన్ని ఇళ్లు తొలగి, కింది సగంలో కొన్ని అదనంగా చేరినందున నడిమి ఇల్లు ఎప్పుడూ ఉండవలసినదానికన్నా దిగువనే నిలిచింది. ఇటీవలి సంవత్సరాలలో రైతులు పురుగును విడి షెడ్లకు మార్చారు. ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఎన్నడూ లెక్కకు రాని ఇళ్లు ఒకే విడతలో వచ్చి చేరాయి. రేఖ లేచింది.

ఆ సాయంత్రమే వారు నాగరాజు గారిని కలిశారు. 2016 అంకె సరైనదేననీ, అంతకు ముందువన్నీ తక్కువ అంచనాలనీ, కనుక పెరుగుదల దాదాపు లేదనీ వివరించారు. నాగరాజు గారు దుర్మార్గులు కారు. ఈ మాట ఇప్పుడు చెబితే కేంద్రం పరువేమవుతుందో, దేవదాసు గారి పదవి ఏమవుతుందో ఆలోచించి, సభ గడిచాక నిదానంగా సవరించుకుందామన్నారు. సభ గడిస్తే శిబిరాలు పోతాయని దేవదాసు గారు గుర్తుచేశారు.

"నువ్వెక్కిన చెట్టుకు నువ్వే నిచ్చెన తీస్తాండావయ్యా దేవదాసూ," అన్నారు నాగరాజు గారు చివరకు.

"నిచ్చెన ఏసింది గూడా నేనే కదా సార్," అన్నారు దేవదాసు గారు.

ఆ రోజుల్లో వారి మనఃస్థితి ఎలా ఉండేదో అరుణ గారు తరువాత చెప్పారు. భోజనం ముందు కూర్చుని ప్రార్థన మధ్యలో ఆగిపోయేవారట. పదవి పోతుందన్న దిగులు లేకపోలేదు. కుమార్తె చదువు అప్పుడే ఖరీదైన దశకు వచ్చింది. అంతకంటె పెద్ద బాధ వేరు. ఆరు విడతల సర్వేలు, నడిచిన వందల పల్లె బాటలు, తమ పేరుతో చలామణి అవుతున్న ఒక రేఖ, ఇవన్నీ తప్పని తామే చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పుల్లన్న గారి ఆవులకు మాత్రం తెలుస్తుంది.

హిందూపురం సభలో వారు తమ వంతు రాగానే లేచి, ఉపోద్ఘాతం లేకుండా విషయం చెప్పారు. ధర్మసంస్థ ప్రతినిధుల్లో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి, "అంటే ఇన్నేండ్లు మీరిచ్చిన లెక్కలు తప్పా?" అని అడిగారు.

"తప్పేనండీ. ఆ నియమం రాసింది నేను. మర్యాద అనుకుంటిని. మర్యాద చేసిన ఇంటిని లెక్కలోనుంచి తీసేస్తాండాననుకోలేదు. మళ్లీ కట్టి చూపిస్తాను. అంతవరకు శిబిరాలు కదిలించొద్దు. ఇదే నా మనవి."

ఆ పెద్దాయన తరలింపు కాగితాలను పక్కకు జరిపి, ఏడాది గడువు ఇచ్చారు. ఉప సంచాలక పదవి ప్రతిపాదన ఆ రోజు చర్చకే రాలేదు. అది దేవదాసు గారిని చేరడానికి మరో ఐదేళ్లు పట్టింది.

పాత ఆదాయాలను తిరిగి అంచనా వేయడం సులభమైన పని కాదు. ఇరవై ఏళ్ల కిందట ఎంత వచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. కాని పురుగు మేపేవారందరూ గూళ్లు అమ్మడానికి హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు రావలసిందే. దేవదాసు గారు, హారిక అక్కడ ఒక మూల బెంచీ వేసుకుని, వేలం ముగిసి తీరికగా టీ తాగుతున్న రైతులతో మాట కలిపేవారు. మొదట్లో అందరికీ అనుమానమే. "గూళ్లు కొనవు, అమ్మవు, ఊరికే అడుగుతాండావు. ఏమప్పా, ఇన్‌కంట్యాక్సా?" అని ఒకరు నిలదీస్తే, "నన్ను చూస్తే అంత దుడ్లుండేవాని మాదిరి ఉండానా?" అని వారు కన్నడం కలిపిన తెలుగులో బదులిచ్చేవారు. రూపాయలు గుర్తులేనివారికి పంటలు గుర్తున్నాయి. ఏ పంటకు బోరు వేయించారో, ఏ పంటకు తమ్ముడి పెళ్లి చేశారో, ఏ పంట పురుగును చంపే ఊజీ ఈగ పాలైందో చెప్పేవారు. నాటి గూళ్ల ధరలను వాటికి జోడించి, ప్రతి పల్లెలో పక్కింటిని వరుసలోనుంచి తీసి, విడిచిన ఇంటిని దాని స్థానంలో నిలబెట్టి, అన్ని విడతల మధ్యగతాలనూ కొత్తగా కట్టారు.

సవరించిన రేఖ పాతదానికి భిన్నంగా కనిపించింది. 2000 తరువాత పట్టు వల్ల నడిమి ఇల్లు మెల్లగా ఎదిగింది. 2012 నుంచి 2016 వరకు ఒక్క అడుగూ ముందుకు వేయలేదు. పట్టు ఇళ్లు కొద్దిగా లేస్తుంటే మెట్ట ఇళ్లు కొద్దిగా దిగుతూ, నడిమి ఇంటిని రెండు వైపులా లాగుతున్నాయి. ఈ సంగతి తేలిన తరువాత శిబిరాలు ఆ పల్లెల్లోనే కొనసాగాయి. పై సంవత్సరం నుంచి ధర్మసంస్థ మెట్ట ఇళ్లను విడిగా గుర్తించి సాయం చేయడం ప్రారంభించింది. పరువు పోతుందని భయపడిన మన కేంద్రానికి ఆ నివేదిక తరువాతనే దూరప్రాంతాల నుంచి పరిశోధకులు రావడం మొదలైందని చెప్పక తప్పదు. నాగరాజు గారు తమ పదవీ విరమణ నాడు ఈ మాటను తామే ముందుగా ఎత్తి, నవ్వుతూ దేవదాసు గారి వీపు తట్టారు.

నేడు సర్వేకు బయలుదేరే ప్రతి కొత్త ఉద్యోగికీ దేవదాసు గారు చెప్పే నియమం ఒకటుంది. తలుపు మూసి ఉంటే పక్కింటికి పోరాదు; ఎందుకు మూసి ఉందో కనుక్కుని, తెరిచే రోజు తెలుసుకుని, మళ్లీ అదే ఇంటికి రావాలి. ఈ నియమం వల్ల పని ఆలస్యమవుతుందని విసుక్కున్న యువకులు సైతం తమకు తెలియకుండానే దాన్ని పాటిస్తున్నారు. వారిని తీర్చిదిద్దిన తీరుకు హారికే నిదర్శనం. వచ్చే విడత ఆమె నాయకత్వంలోనే జరగనుంది.

ఈ నెల ముప్పయ్యో తేదీ సన్మాన సభకు కుళ్ళాయమ్మ గారినీ పుల్లన్న గారినీ ఆహ్వానించాలని సిబ్బంది సంకల్పించారు. పుల్లన్న గారు ఆవులను ఎవరికైనా అప్పగించి తప్పక వస్తానన్నారు. కుళ్ళాయమ్మ గారు ఫోనులో హారికతో అన్న మాటలు ఇవి: "ఇప్పుడు యాడొచ్చేది తల్లీ, పురుగు నాలుగో జ్వరం లేసింది, ఎంత ఆకేసినా చాలడంల్యా. ఆయప్పకు చెప్పు, గూడు దించినాక మా ఇంటికే రమ్మని. పక్కింటికి పోవద్దని గూడా చెప్పు."

గూడు దిగే నాటికి దేవదాసు గారు విశ్రాంత జీవితంలో ప్రవేశించి ఉంటారు. చేతిలో ప్రశ్నావళి లేకుండా, సతీసమేతంగా ఆ గడప దాటి లోపలికి వెళతారు. ఆ తరువాతి రోజుల్లో అరుణ గారు ఇన్నేళ్లు దాచిన ముచ్చట తీరేలా ఒక పండుగ నాడైనా చొక్కాకు సెంటు రాసుకునే స్వేచ్ఛ వారికి దక్కాలని, కుమార్తె కుటుంబంతో కాలం నెమ్మదిగా గడవాలని, మోకాళ్లకు పల్లె బాటలు నడిచిన బలం తగ్గకూడదని ఆకాంక్షిద్దాం. జీవితమంతా నడిమి ఇంటినే వెదికిన మన దేవదాసు గారు, ఆయురారోగ్యాల విషయంలో మాత్రం నడుమ ఎక్కడా ఆగక, వరుస చిట్టచివరి ఇంటి దాకా హాయిగా నడుచుకుంటూ వెళ్లుదురుగాక.